బంతి రాని వైపు

మా క్లబ్బు ప్రతి సీజన్ చివర ఒక విందు ఇస్తుంది. అందులో మైకు పట్టుకుని ఒక్కొక్కరికీ థ్యాంక్స్ చెబుతారు. సాసేజీలు కాల్చినవాళ్ళకి చెప్పారు. గోల్ స్తంభాలకి మెత్తలు కట్టినవాళ్ళకి చెప్పారు. మైదానంలోకి వచ్చేసిన కుక్కని పట్టుకున్న ఒకావిడకి చెప్పారు, ఆవిడకి చప్పట్లు కూడా కొట్టారు. నాకు చెప్పలేదు. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీ గాలిలో నిచ్చెనెక్కి నిలబడి ప్రతి ఆటా వీడియో తీసింది నేను. మర్నాడు ప్రెసిడెంటుకి మెసేజ్ పెడితే, "సారీ మేట్, నీ పేరు మిస్సయింది" అన్నాడు. తర్వాతి ఏడూ మిస్సయింది.

ఇలాంటివి నేను మర్చిపోనని మా ఆవిడ అంటుంది, మేముండే పాయింట్ కుక్‌లో తెలుగువాళ్ళందరూ అంటారు. నిజమే, మర్చిపోను. అందరూ మర్చిపోతే జరిగింది జరిగినట్టు ఎవరు చెబుతారు? ఇప్పుడు చెప్పబోయేది కూడా అలాంటిదే. ఇందులో నష్టపోయింది నేను కాదు, ఒక కుర్రాడు. వాడు ఆ సంగతి చెప్పడు కనక నేను రాస్తున్నాను.

అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనే ఆటని ఇక్కడ గ్రిడైరన్ అంటారు. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకి అట్టలు కట్టుకుని ఆడేది. అందులో ఒకడు బంతి దూరంగా విసురుతాడు, ముందుకి పరిగెత్తిన ఇంకొకడు దాన్ని పట్టుకోవాలి. ఆ పట్టుకునేవాడిని అంటిపెట్టుకుని పరిగెత్తి, వాడి చేతికి బంతి అందకుండా చూసేవాడు కార్నర్‌బ్యాక్. మైదానం అంచున ఒంటరిగా ఉంటాడు. వాడు ఓడిపోతే అందరికీ కనిపిస్తుంది. వాడు గెలిస్తే ఎవరికీ కనిపించదు. ఎందుకంటే, పట్టుకునేవాడికి సందు దొరక్కపోతే విసిరేవాడు అటువైపు విసరడు, రెండో వైపు విసురుతాడు. జనం కళ్ళూ బంతితోపాటు అటే పోతాయి.

నాకు ఈ ఆట పిచ్చి డాలస్‌లో ఉద్యోగం చేసినప్పుడు అబ్బింది. మా అపార్ట్‌మెంట్ల వెనక ఒక హైస్కూల్ స్టేడియం ఉండేది. శుక్రవారం సాయంత్రమైతే ఊరు ఊరంతా అక్కడే. మా ఆఫీసు తెలుగువాళ్ళు శుక్రవారాలు క్రికెట్ ఆడుకునేవాళ్ళు, నన్ను పిలిచేవాళ్ళు కాదు. అందుకని నేను స్టేడియానికి వెళ్ళేవాణ్ణి. అక్కడ పరిచయమైన ఒకాయన తర్వాత్తర్వాత బయటి దేశాల పిల్లల్ని అమెరికాలోని చిన్న చిన్న కాలేజీ జట్లకి చూపించే పని పెట్టుకున్నాడు. నేను వీసా అయిపోయి మెల్‌బోర్న్ వచ్చేశాక, ఇక్కడి హైస్కూల్ పిల్లల్లో కార్నర్‌బ్యాక్‌లని చూసి చెప్పమన్నాడు. జీతం లేదు. నా అసలు ఉద్యోగం సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇతరులు చేసినదాంట్లో తప్పులు వెతకడం. ఆదివారాలు కూడా అదే పని చేశాననుకోండి.

కార్నర్‌బ్యాక్‌ని చూసేటప్పుడు నేను బంతిని చూడను. వాడి నడుము చూస్తాను. వెనక్కి వెనక్కి పరిగెత్తుతూ, ఎదుటివాడు దిశ మార్చగానే ఎంత సులువుగా తిరుగుతున్నాడో చూస్తాను. వాడి కళ్ళు ఎక్కడున్నాయో చూస్తాను. పిల్లలు నూటికి తొంభైమంది విసిరేవాడినే చూస్తారు. బంతి లేచిందంటే తాము కాయాల్సినవాడిని వదిలేసి దానివెంట పడతారు. ఎప్పుడో ఒకసారి బంతి దొరుకుతుంది, ఆ ఒక్కసారీ వీడియోలో బ్రహ్మాండంగా ఉంటుంది. మిగతా సార్లు వీడు వదిలేసినవాడు ఎటో ఒంటరిగా నిలబడి చేతులూపుతుంటాడు.

ఆ కుర్రాడు అలా బంతివెంట పడలేదు. పన్నెండో క్లాసు, పాయింట్ కుక్‌లో మాకు రెండు వీధుల అవతలే ఇల్లు, తెలుగువాళ్ళు. కరీంనగర్ వైపునుంచి వచ్చారు. తండ్రి బ్యాంకుల ప్రాజెక్టుల్లో పనిచేస్తాడు, తల్లి చైల్డ్‌కేర్‌లో. కుర్రాడు ముందు ఫూటీ, అంటే ఇక్కడివాళ్ళ సొంత ఫుట్‌బాల్, ఆడాడు. అక్కడ సన్నగా ఉన్నావన్నారట, ఇక్కడికి వచ్చాడు. మొదటి ఆటలోనే వాణ్ణి చూసి నిచ్చెన మీద కెమెరా దిశ మార్చాను. ఆట ముగిసేదాకా మళ్ళీ తిప్పలేదు. క్లబ్బు కోచ్ వీడియో చూసి, "మేట్, బంతి ఎక్కడుంది ఇందులో?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు.

సీజన్ సగానికి వచ్చేసరికి ఎదుటి జట్లు వాడి వైపు విసరడమే మానేశాయి. పక్కనున్న పిల్లలు బంతులు లాక్కుని గెంతులేస్తుంటే వీడు అంచున తన పని చేసుకుని, చేతి తొడుగులు సరిచేసుకుని, మళ్ళీ తన చోటికి వెళ్ళి నిలబడేవాడు. ఎప్పుడైనా ఎవడైనా వాడి మీదుగా బంతి పట్టినా అంతే, మొహంలో ఏమీ ఉండేది కాదు. నాకైతే అది సాధ్యం కాదు.

ఒకసారి అమెరికా నుంచి ఒక కోచ్ వచ్చి మెల్‌బోర్న్‌లో క్యాంపు పెట్టాడు. కుర్రాణ్ణి నేనే కార్లో తీసుకెళ్ళాను, ఫ్రీవే మీద ట్రాఫిక్‌లో గంట పట్టింది. వాణ్ణి చూపిద్దామని దగ్గరికి వెళితే ఆ కోచ్ నా మొహం చూసి, "మా ఉబర్ వచ్చిందా? రెండు నిమిషాలు ఆగు" అన్నాడు. ఎవరో చెప్పాక సారీ అన్నాడు గానీ ఆ తర్వాత మా ఇద్దరివైపూ చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు కుర్రాడు, "హీ వాజ్ జస్ట్ బిజీ, అంకుల్" అన్నాడు. వాడి స్వభావం అది. అప్పుడే భయం వేసింది నాకు, వీడు నెగ్గుకురాగలడా అని.

వాళ్ళ నాన్న ఒక ఆటకి వచ్చాడు. ఒకే ఒక్క ఆటకి. నిచ్చెన కింద నిలబడి చివరిదాకా చూశాడు.

"అన్నా, గంటసేపాయె. మావోడు బాల్ ముట్టనే లేదు."

"ముట్టే అవసరం రాలేదు తమ్ముడూ. వాడుంటే అటు వెయ్యడానికే భయపడుతున్నారు. గొప్పంటే అదే."

"గదెట్ల గొప్పనే? పరీక్షల ఏం రాయకుండ తెల్ల పేపరిచ్చొస్తే గొప్పనా?"

వాళ్ళావిడ పక్కనుంచి, "అన్న చెప్తుండు కద, జర ఇనుండ్రి" అంది. ఆయన వినలేదు. చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని కారు దగ్గరికి నడిచాడు.

నేను మాత్రం పట్టు వదల్లేదు. డాలస్ ఆయన సంగీతంతో, మెరుపులతో రెండు నిమిషాల క్లిప్పు పంపమన్నాడు. నేను పూర్తి ఆటలు పంపాను. మూడు ఆటలు, ఒక వైపు మాత్రమే, బంతి దాదాపు రానివి. "ఇది ఎవడు చూస్తాడు?" అన్నాడు. చూసేవాడికే పంపమన్నాను. ఇద్దరం మాటామాటా అనుకున్నాం. చివరికి పంపాడు.

ఒకడు చూశాడు. అమెరికా మధ్యలో ఎక్కడో మొక్కజొన్న చేల నడుమ ఉన్న చిన్న కాలేజీ. అక్కడ కార్నర్‌బ్యాక్‌లకి నేర్పే కోచ్ మూడు ఆటలూ చివరిదాకా చూశానని, ఇంత ఓపికున్న కుర్రాణ్ణి ఈ మధ్య చూడలేదని, ఒక్క చోటు ఖాళీ ఉందని, కుటుంబంతో మాట్లాడాలని రాశాడు. ఫీజు చాలావరకు వాళ్ళే చూసుకుంటారు. ఆ మెయిల్ మా ఆవిడకి చదివి వినిపించాను. "మంచిదే. ఇక్కడితో ఆగండి, వాళ్ళింటి విషయంలో దూరకండి" అంది. దూరకుండా ఎలా ఉంటాను?

శనివారం పొద్దున్నే వాళ్ళింట్లో వీడియో కాల్. వాళ్ళావిడ ఉప్మా చేసింది. తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొడుక్కీ వేయించి, సోఫా వెనకనున్న బట్టల స్టాండు లోపలికి జరిపి, అప్పుడు నావైపు చూసి, "అన్నా, నువ్వు జర పక్కకి కూసో. కెమెరాల పడకు. ఇది ఫ్యామిలీ మాట" అన్నాడు. డైనింగ్ టేబుల్ దగ్గర, కెమెరాకి అందని కుర్చీలో కూర్చున్నాను. ఈ కాల్ రావడానికి కారణం నేను. నేను వాళ్ళ మొహాలు చూడగలను గానీ కోచ్ మొహం కనిపించదు, మాట మాత్రం వినిపిస్తుంది.

కోచ్ మంచివాడే. కుర్రాడి ఆటలో చిన్న చిన్న సంగతులు కూడా చెప్పాడు, నేను చూసినవే. ఒక ఆటలో ఎదుటివాడు రెండుసార్లు దిశ మార్చి మోసం చెయ్యబోతే వీడి నడుము కదలకపోవడం గురించి చెబుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఇంకొకడు కూడా చూశాడు కదా అని. తర్వాత సూటిగా అడిగాడు, వచ్చి మా జట్టులో ఆడతావా అని.

కుర్రాడు తండ్రివైపు చూశాడు.

తండ్రి గొంతు సవరించుకున్నాడు. "థ్యాంక్యూ కోచ్. వియ్ ఆర్ వెరీ హ్యాపీ. వియ్ విల్ డిస్కస్ విత్ అవర్ ఎల్డర్స్ అండ్ లెట్ యూ నో. వియ్ హ్యావ్ అదర్ ఆప్షన్స్ ఆల్సో."

వేరే ఆప్షన్లు ఏమీ లేవు. నేను కుర్చీలోంచి సగం లేచి చెయ్యి ఊపాను. తండ్రి కళ్ళతోనే కూర్చోమన్నాడు.

"ష్యూర్. టేక్ యువర్ టైమ్" అన్నాడు కోచ్. నేను ఆ దేశంలో ఉన్నవాణ్ణి. నిదానంగా ఆలోచించుకోండి అని ఆ గొంతుతో అన్నాడంటే అర్థమేమిటో నాకు తెలుసు.

కాల్ అవ్వగానే అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తండ్రి మొహం వెలిగిపోతోంది. "మంచిగ మాట్లాడిన్నా?" అని భార్యని అడిగాడు. నేను బయటికి పిలిచాను. ఆయన పైపు పట్టుకుని ముందరి గడ్డి తడపడం మొదలుపెట్టాడు.

"తమ్ముడూ, లోపలికెళ్ళి ఇప్పుడే సరే అని మెసేజ్ పెట్టు. ఆయన దగ్గరున్నది ఒక్కటే చోటు."

"ఆగన్నా. గంత ఎగబడితే ఎట్ల? అడగంగనే ఊ కొడితే మనకి ఇజ్జతుంటదా? సంబంధమడిగినోళ్ళకి ఫస్టు రోజే ఒప్పుకుంటమా చెప్పు."

"ఇది సంబంధం కాదు. రేపు ఇంకొకడితో మాట్లాడతాడు."

"మాట్లాడనీ. మావోడు గంత మంచిగుంటే మల్ల అడగడా? మల్లడిగితే మనకే వ్యాల్యూ."

కొడుకు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "నువ్వెందుకు యెస్ అనలేదురా?" అన్నాను. "డాడ్ సెడ్ డోంట్ లుక్ డెస్పరేట్" అన్నాడు. మెల్లగానే అన్నాడు.

ఇంటికి రాగానే నేనే ఆ కోచ్‌కి రాశాను. వాళ్ళకి పూర్తిగా ఇష్టమే, వెంటనే ఒప్పుకుంటే చులకన అవుతామని మావాళ్ళు కాస్త బెట్టు చేస్తారు, ఇది మా పద్ధతి, దయచేసి అవుననే అనుకోండి అని. మర్యాదగా జవాబిచ్చాడు. ఆ మాట కుటుంబం నుంచి రావాలన్నాడు.

కుటుంబం కరీంనగర్‌లో ఉన్న మేనమామ కోసం ఆగింది. ఆయన ఎవరిదో గృహప్రవేశంలో ఉన్నాడట. దొరికాక, ఆ కాలేజీ ర్యాంకెంత అని అడిగాడట. ర్యాంకు వెతకడానికి కొంతకాలం. దొరకలేదు, అంత చిన్న కాలేజీ. పోనీ పిల్లాడికి ఇష్టం కదా అని మేనమామ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక అమావాస్య అడ్డొచ్చింది. మంచి మాట అమావాస్య ముందు చెప్పడం ఎందుకని తల్లి అంది. చివరికి ఆవిడ కూడా అంతే. నేను ఈలోపు రోజూ ఫోన్ చేశాను. చివర్లో నా ఫోన్ ఎత్తడం మానేశారు.

అమావాస్య వెళ్ళాక తండ్రి ఫోన్ చేశాడు. "అన్నా, అందరం ఓకే అనుకున్నం. చెప్పెయ్." నేను చెప్పడమేమిటి, మీరే రాయండన్నాను. రాశాడు, చాలా బాగా, గౌరవంగా. మూడో రోజున జవాబొచ్చింది. చోటు నిండిపోయింది, కుర్రాడికి శుభాకాంక్షలు.

ఆ చోటు క్వీన్స్‌లాండ్ కుర్రాడొకడికి వెళ్ళింది. నేను వీడియోలో చూసి వద్దని రాసినవాడే వాడు. కళ్ళెప్పుడూ బంతి మీదే. కానీ వాడి తండ్రి అడిగిన నిమిషంలో అవునన్నాడట. డాలస్ ఆయన్ని నిలదీస్తే, పర్సనల్‌గా తీసుకోవద్దన్నాడు. ఎలా తీసుకోవాలో చెప్పలేదు.

తండ్రి నన్నే తప్పుపట్టాడు. "నువ్వు గట్టిగ చెప్పాల్సుండెన్నా. గంత అర్జంటని మాకేమెరుక?"

"గడ్డి తడుపుతుంటే చెప్పలేదా నీకు?"

"ఏమో. నువ్వెప్పుడు గట్లనే మాట్లాడ్తవ్. ఏది నిజంగ అర్జంటో ఎట్ల తెల్వాలె?"

ఈ మాట నేను బతికున్నంతకాలం మర్చిపోను.

సీజన్‌లో ఇంకా కొన్ని ఆటలు మిగిలాయి. కుర్రాడు వచ్చాడు. నేనూ నిచ్చెనెక్కాను. రెండో ఆట మొదట్లోనే నాకు తెలిసిపోయింది. వాడి కళ్ళు మారాయి. విసిరేవాడి చెయ్యి లేవగానే తను కాస్తున్నవాణ్ణి వదిలేసి బంతి వైపు దూకాడు. దొరకలేదు. వెనక ఎదుటివాడు ఒంటరిగా, తీరిగ్గా పట్టుకుని చివరిగీత దాటేశాడు. మళ్ళీ దూకాడు. మళ్ళీ అదే. మూడోసారి బంతి దొరికింది, అమాంతం ఎగిరి ఒంటిచేత్తో పట్టాడు. మైదానమంతా అరిచింది. క్లబ్బు ఆ క్లిప్పు తన ఆన్‌లైన్ పేజీలో పెట్టింది. తండ్రి దాన్ని మా తెలుగు వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపించి, విడిగా నాకు కూడా పంపి, "గిట్ల తియ్యాలె అన్నా వీడియో" అన్నాడు.

ఆట అయ్యాక కుర్రాణ్ణి పక్కకి పిలిచాను. ఏంట్రా ఇది, నీ ఆట ఏమైంది అన్నాను.

"నోబడీ సా ద అదర్ స్టఫ్, అంకుల్."

"నేను చూశాను కదరా."

"యా. బట్ యూ డోంట్ హ్యావ్ అ కాలేజ్."

పొగరుగా అనలేదు. నన్ను ఓదారుస్తున్నట్టే అన్నాడు. హెల్మెట్ పట్టుకుని, బురద కాళ్ళతో, వాళ్ళమ్మ కారు ఎక్కేశాడు.

ఆ క్లిప్పు నేనే పంపాను, దొరికిన ప్రతి కాలేజీకీ. నాకు నచ్చని పని అది, వాడి కోసం చేశాను. చాలామంది జవాబివ్వలేదు. ఇచ్చినవాళ్ళు ఈ ఏటికి జట్టు నిండిపోయిందన్నారు. వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నిద్దామని చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి ఇక్కడి యూనివర్సిటీల అప్లికేషన్ల పనిలో ఉన్నాడు. కుర్రాడు పైనుంచి దిగలేదు. కిట్ క్లబ్బుకి తిరిగిచ్చేశారని తల్లి చెప్పింది. "పోనీ అన్నా, ఇగ గా ముచ్చట ఎత్తకు. వాడు సరిగ్గ తింటలేడు" అంది.

ఎత్తకుండానే ఉన్నాను. మొన్న వెర్రిబీలో ఇండియన్ గ్రాసరీలో వాళ్ళు కనిపించేదాకా. బిల్లు కట్టే వరుసలో తండ్రీ కొడుకూ నాకు ముందున్నారు. వాళ్ళతో మాట్లాడుతున్నది దేశం అవతలి కొసనున్న హారిస్‌డేల్ నుంచి కొత్తగా మారివచ్చిన తెలుగాయన. కుర్రాడి భుజాలు చూసి ఏం ఆడతావని అడిగాడు. తండ్రి అందుకున్నాడు.

"అమెరికన్ ఫుట్‌బాల్ ఆడెటోడు సార్. అమెరికా కాలేజోళ్ళే అడిగిండ్రు. మేమే వద్దన్నం. చదువు ముఖ్యం గద."

"నిజమా బాబూ? కాలేజీ వాళ్ళే అడిగారా?"

కుర్రాడు ఫోన్‌లోంచి తలెత్తాడు. "యా. వియ్ సెడ్ నో."

తండ్రి చెప్పమన్నట్టు లేదు. తడబాటు లేదు. చాలాసార్లు చెప్పి అలవాటైన మాటలా ఉంది.

"వద్దన్నది మీరు కాదు, వాళ్ళు. మీరు ఆలస్యం చేశారు, చోటు పోయింది" అన్నాను.

వరుసలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. కొత్తాయన కరివేపాకు కట్ట పట్టుకుని ఇబ్బందిగా నిలబడిపోయాడు. తండ్రి మొహం ఎర్రబడింది గానీ వెంటనే సర్దుకుని నవ్వాడు. "అన్న గంతే సార్. అన్నకి ఎప్పుడూ ఏదో ఒక కంప్లైంటుంటది." అందరూ నవ్వారు. అలవాటైన నవ్వే.

కుర్రాడి వైపు చూశాను. వాడన్నా ఒప్పుకుంటాడనుకున్నాను. ఆ మూడు ఆటలూ ఆడింది వాడు. వాటిని చివరిదాకా చూసి, అంత దూరం నుంచి ఒక మనిషి రమ్మన్నాడు. వద్దని తనే తోసేశాననుకుంటే, తను దాన్ని అంతగా కావాలనుకున్న రోజు కూడా లేనట్టే కదా.

"లీవ్ ఇట్, అంకుల్. ప్లీజ్" అన్నాడు.

బియ్యం మూట భుజానికెత్తుకుని తండ్రి వెనకే తలుపు దాటాడు. బిల్లు కొట్టే అమ్మాయి నా సామాను తీసుకుని, ఇంకేమైనా కావాలా అని అడిగింది. వద్దన్నాను.